వేయించిన తేదీ మా కళ్లకు కనపడనివ్వండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) అధ్యక్షులకు, ముఖ్య కార్యనిర్వహణాధికారికి, శాస్త్రీయ కమిటీ సభ్యులకు,
న్యూఢిల్లీ.



కాఫీ పొడి ప్యాకెట్టు మీద గింజలు వేయించిన తేదీ వేయమని మీరు ఏ కంపెనీనీ అడగరు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకైతే, డబ్బు కట్టే ముందు సరుకు తయారైన నెల కూడా చూపనక్కర్లేదని సర్కారు నిబంధనే చెబుతోంది. ఈ రెండూ కలిసి మా వంటిళ్లలోకి ఏం తెస్తున్నాయో మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. కాఫీ పొడి గురించి ఇంత రాద్ధాంతమా అని మీ కార్యాలయంలో ఎవరికైనా అనిపిస్తే, దయచేసి చివరిదాకా చదవమని వారికి నా మనవి.

ముందు ఆ నిబంధన సంగతి. తూనికలు, కొలతల చట్టం కింద ఉన్న ప్యాకేజీ సరుకుల నిబంధనలను 2017లో సవరించారు. 2018 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ అంగడి తెర మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయాలంటే ఎవరిని పట్టుకోవాలో ఆ వివరం, అన్నీ ఉండాలన్నారు. మంచి సవరణే. కానీ అందులోనే ఒక మినహాయింపు పెట్టారు. సరుకు తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం మాత్రం చూపనక్కర్లేదన్నారు. కారణం ఊహించగలను. ఒక్క పేజీ వెనక ఎన్నో గోదాములు, ఒక్కో గోదాములో ఒక్కో నెల సరుకు. ఏ ప్యాకెట్టు ఎవరింటికి వెళ్తుందో ముందే చెప్పలేమని అమ్మేవాళ్లు మొరపెట్టుకుని ఉంటారు. అప్పట్లో అది నిజమే కావచ్చు. కానీ ఇవాళ పది నిమిషాల్లో సరుకు తెచ్చి గుమ్మంలో పెడుతున్న అంగళ్లకు, మా పేటలోని తమ గోదాములో ఏ అరలో ఏ ప్యాకెట్టు ఉందో తెలియదా? ఇంకా మూడే మిగిలాయి, త్వరపడండి అని మమ్మల్ని తొందరపెట్టగలిగిన తెర, ఆ మూడూ ఏ నెలవో చెప్పలేదా?

ఆ నిబంధన మీది కాదు, వినియోగదారుల వ్యవహారాల శాఖది. ఈ లేఖ ప్రతి వారికీ పంపుతున్నాను. అయినా మీకే ఎందుకు రాస్తున్నానంటే, తినే వస్తువు, తాగే వస్తువు తాజాదనం గురించి మాట్లాడే అధికారం చట్టం మీకిచ్చింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 18వ సెక్షన్ మీరు ఏ సూత్రాల మీద పనిచేయాలో చెబుతుంది. తాము తినేదేమిటో తెలిసి ఎంచుకోగలిగే ఆధారం జనానికి కల్పించడం ఆ సూత్రాల్లో ఒకటి.

2011లో మీరు తెచ్చిన ఆహార ఉత్పత్తుల ప్రమాణాల్లో కాఫీకి ప్రత్యేకంగా చోటిచ్చారు. వేయించిన కాఫీ అంటే ఏమిటో అందులో నిర్వచించారు. శుభ్రం చేసిన పచ్చి గింజను గోధుమరంగు తిరిగేదాకా వేయించినది, దానికి సహజమైన పరిమళం వచ్చినది అని. గింజ అయినా, పొడి అయినా తేమ తగలకుండా, తాజాగా ఉండాలని, మక్కిన వాసన రాకూడదని షరతు కూడా పెట్టారు. ఇంత చక్కగా రాసినవాళ్లు ఆ తర్వాత అంకెలు వేశారు. తేమ 5 శాతం మించకూడదు. కెఫీన్ 1 శాతానికి తగ్గకూడదు. బూడిద ఇంత నుంచి ఇంత వరకు. తాజాదనానికి మాత్రం ఏ అంకే లేదు, ఏ తేదీ లేదు. వేయించిన రోజు తెలియకుండా కాఫీ తాజాగా ఉందో లేదో మీ ఆహార భద్రతాధికారి ఎలా తేలుస్తారు? తేల్చే దారి లేనప్పుడు ఆ షరతును ఉల్లంఘించిన ప్యాకెట్టును ఎవరు పట్టుకోవాలి?

కాఫీ గింజ విషయంలో ఈ తేదీకి ఇంత విలువ ఎందుకో మీ శాస్త్రీయ కమిటీకి నేను చెప్పాల్సిన పనిలేదు. కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. పచ్చి కాఫీ గింజను జాగ్రత్త చేస్తే నెలల తరబడి నిలవుంటుంది. వేయించిన క్షణం నుంచి దానికి వయసు మొదలవుతుంది. వేడి 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరేసరికి గింజ చిటపటమని పగులుతుంది. లోపలి చక్కెరలు, మాంసకృత్తులు వేడికి కలిసిపోయి వందలాది పరిమళ ద్రవ్యాలుగా మారతాయి. వాటితోపాటు బోలెడంత కార్బన్ డయాక్సైడ్ గింజలో చిక్కుకుపోతుంది. ఆ వాయువు రోజుల తరబడి మెల్లగా బయటికి పోతూ తనతో పరిమళాన్నీ తీసుకుపోతుంది. దాని వెనకే ఆక్సిజన్ లోపలికి చేరి గింజలోని నూనెలను పాడుచేస్తుంది. గింజను గింజగా ఉంచితే ఇదంతా కొన్ని వారాల కథ. పొడి చేస్తే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి వారాలు రోజులవుతాయి, రోజులు గంటలవుతాయి. మంచి గింజల సంచికి ముందు భాగంలో చిన్న కవాటం పెట్టేది అందుకే. లోపలి వాయువును బయటికి వదులుతూ, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా.

వేయించి వారం పది రోజులు దాటని గింజలను అప్పటికప్పుడు పొడి చేసి, ఇత్తడి ఫిల్టర్‌లో వేసి, మరిగించి దింపిన నీళ్లు పోసి చూడండి. పొడి ఒక్కసారిగా ఉబ్బుతుంది. పైన బుడగలు లేస్తాయి. మూత పెట్టకముందే వాసన పక్కగదిలో చదువుకునే పిల్లల దాకా వెళ్తుంది. ఆ డికాషన్ చుక్కచుక్కగా దిగే పావుగంటసేపు ఇల్లంతా దానికోసం ఎదురుచూస్తుంది. పొంగిన పాలు కలిపితే వచ్చే ఆ ఎర్రటి రంగు, గ్లాసు నుంచి గ్లాసుకు తిరగబోస్తే లేచే నురగ, మొదటి గుక్కలో చేదు వెనకే వచ్చే సన్నని తీపి, ఇవన్నీ ఉన్నవాళ్లకే దక్కే భోగాలు కావు. పావుకిలో మంచి గింజలు, ఒక ఫిల్టర్ ఉంటే చాలు. మామూలు జీతగాళ్ల ఇళ్లలో రోజుకు రెండుసార్లు దొరకగలిగిన సంతోషం ఇది.

పాత పొడి మీద అవే నీళ్లు పోయండి. తడిసిన మట్టిలా అణిగిపోతుంది. డికాషన్ నల్లగానే దిగుతుంది, చేదు కూడా ఉంటుంది, కానీ కాఫీ ఉండదు. మన ఇళ్లలో అప్పుడు ఏం జరుగుతుందో గమనించారా? ఈ మధ్య కాఫీ కుదరడం లేదంటూ పాలను అనుమానిస్తారు. నీళ్లను అనుమానిస్తారు. ఫిల్టర్ చిల్లులు పూడిపోయాయంటారు. ఆఖరికి కలిపిన ఆవిడనే అంటారు. ఇంకో చెంచా పొడి, ఇంకో చెంచా చక్కెర వేసి సర్దుకుంటారు. ప్యాకెట్టు మీదికి ఎవరి చూపూ పోదు. పోయినా చూడ్డానికి అక్కడ ఏముంది? ప్యాక్ చేసిన నెల ఉంటుంది. గింజలు వేయించింది ఆ నెలలోనేనా, అంతకుముందు ఎప్పుడో వేయించి పెట్టినవా అన్నది ఉండదు.

మన ఊళ్లలో కాఫీ పొడి కొట్లు ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. గింజలు వేయిస్తుంటే సందు మొదటికే తెలిసిపోయేది. గింజల రకాల్లో పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఏ ఎంత, చికోరి కలపాలా వద్దా, కలిపితే ఎంత అని అడిగి, మన ఎదురుగానే మర పట్టి, వెచ్చటి పొట్లం చేతిలో పెట్టేవారు. అక్కడ తేదీ ముద్ర అవసరం లేకపోయింది. కళ్లూ ముక్కూ ఆ పని చేసేవి. ఆ కొట్టు ముందు నిలబడే తీరిక ఇవాళ చాలామందికి లేదు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునేవాళ్లు, పెద్ద వయసులో ఒంటరిగా ఉండేవాళ్లు ఫోనులోనే తెప్పించుకుంటున్నారు. ఫోను తెరకు వాసన ఉండదు కదా. వాసన చూసుకునే హక్కు పోయినచోట తేదీ చూసుకునే హక్కయినా ఇవ్వాలని మీకు తోచలేదా?

2024 నవంబరులో మీరు ఆన్‌లైన్ ఆహార వ్యాపారులను పిలిచి ఒక మాట చెప్పారు. సరుకు ఇంటికి చేరేనాటికి దాని నిలవ కాలంలో కనీసం 30 శాతం గాని, గడువుకు 45 రోజులు గాని మిగిలి ఉండాలని. పాలకో, రొట్టెకో, బిస్కెట్టుకో ఇది మంచి రక్షణ. కాఫీకి లెక్క వేసి చూడండి. ఏడాది నిలవ ఉంటుందని కంపెనీ తానే వేసుకున్న ప్యాకెట్టుకు 30 శాతం అంటే సుమారు మూడున్నర నెలలు. అంటే ఎనిమిది నెలలు పైబడిన పొడిని మా ఇంటికి పంపినా మీ మాట జవదాటినట్టు కాదు. ఆ ఏడాది గడువు కూడా కంపెనీ నిర్ణయించుకున్నదే. ఆ పొడి తాగితే జబ్బు చేయదు, నిజమే. కానీ మీ పేరులో భద్రత ఒక్కటే లేదు, ప్రమాణాలు కూడా ఉన్నాయి. మీరే రాసిన సహజ పరిమళం అన్న ప్రమాణం ఎనిమిది నెలల పొడిలో ఎక్కడుంది?

ఇక రెండో సంగతికి వస్తాను. ఇందులో జనం పాత్ర గురించి మీ సంస్థకున్న ఉదాసీనత నాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఊరికే కొని ఊరుకోవడం లేదు. ప్యాకెట్టు విప్పగానే తేదీ ఫొటో తీసి పెడుతున్నారు. నీళ్లు పోస్తే పొడి పొంగలేదని వీడియో పెడుతున్నారు. ఏ సరుకు తాజాగా వచ్చింది, ఏది మూలుగుతూ వచ్చింది అని ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పుకుంటున్నారు. ఒక వీధిలో ఒకడు అడిగితే విదిలించి పంపిన ప్రశ్ననే వేలమంది ఒకేచోట అడిగేసరికి జవాబు చెప్పక తప్పడం లేదు. వేయించిన తేదీ సంచి మీద వేసి మరీ అమ్మే చిన్న చిన్న కాఫీ వ్యాపారులు మన దేశంలో ఈ పదేళ్లలో ఇంతమంది వచ్చారంటే, అది మీ నిబంధన వల్ల కాదు. కొనేవాళ్లు అడిగి అడిగి తెచ్చుకున్నారు.

ఈ జనబలం ఏం చేయగలదో మీకు తెలియనిది కాదు. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు బోర్న్‌విటాలో చక్కెర ఎంతుందో ఒక వీడియోలో చెప్పాడు. కంపెనీ లీగల్ నోటీసు పంపితే వీడియో తీసేశాడు. కానీ జనం అప్పటికే చూశారు, పంచుకున్నారు. అదే ఏడాది డిసెంబరు నాటికి ఆ డబ్బాలో కలిపే చక్కెర సుమారు 14 శాతం తగ్గింది. 2024 ఏప్రిల్‌లో అలాంటి పొడులను ఆరోగ్య పానీయాల వరసలో అమ్మవద్దని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది మీరే. ముందు కదిలింది ఎవరు, వెనక నడిచింది ఎవరు?

ఓఆర్ఎస్ ఉదంతం మాకింకా దగ్గరిది. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చక్కెర నీళ్లను ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతుంటే విరేచనాలైన పసిపిల్లలకు తల్లులు వాటిని తాగిస్తున్నారని ఊరూవాడా చెప్పారు. తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022లో మీరు ఒకసారి వద్దన్నారు, కొద్ది నెలల్లోనే హెచ్చరిక వాక్యం వేసుకుని అమ్ముకోవచ్చన్నారు. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దు చేశారు. ఆమె వెనక అన్నేళ్లూ నిలబడిందెవరు? ఆమె వీడియోలు ఒకరికొకరు పంపుకున్న తల్లులు, మందుల షాపులో సీసా పట్టుకుని లేబుల్ చదివి ఫొటో తీసి పెట్టిన మామూలు మనుషులు. మరోవైపు 2024 ఆగస్టులో పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అన్న లేబుళ్లు తీసేయమని ఆదేశించి, సంబంధిత పక్షాలతో ఇంకా మాట్లాడాలంటూ వారం తిరక్కుండానే ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. వ్యాపారుల అభ్యంతరం వారంలో చెవికెక్కే చోట, తల్లుల అభ్యంతరానికి ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది?

పసిపిల్లల ప్రాణాల పక్కన కాఫీ రుచిని నేను నిలబెట్టడం లేదు. రెండింటికీ బరువులో పోలికే లేదు. కానీ రెండుచోట్లా అడ్డం ఒక్కటే. లేబుల్ మీద ఉండాల్సిన నిజం లేకపోవడం, దాన్ని జనమే తవ్వి తీయాల్సి రావడం.

జనం కూడా తప్పుతారు. అది నాకు తెలుసు. డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకునేవాళ్లు ఉన్నారు, పోటీవాణ్ని దెబ్బతీయడానికి తిట్లు రాయించేవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్ సమీక్షలకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది అందుకే. అయితే కాఫీ విషయంలో దొంగ సమీక్షల కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆన్‌లైన్ అంగడిలో ఒక కాఫీకి ఒకే పేజీ. నాలుగేళ్ల కిందట తాజా సరుకు అందుకున్నవాడి ఐదు చుక్కలు, మొన్న మక్కిన పొడి అందుకున్న ఆవిడ ఒక్క చుక్క అన్నీ కలిపి ఒకే సగటు. పెద్ద అంగళ్లలో ఒకే పేజీ మీద నలుగురు అమ్మకందారులు ఉంటారు. గింజ ఒకటే, కంపెనీ ఒకటే, కానీ ఒకడి గోదాములో నెల సరుకు, ఇంకొకడి గోదాములో ఏడు నెలల సరుకు. ఇద్దరికీ అవే చుక్కలు. సమీక్ష రాసే మనిషి నిజాయతీపరుడే, తాగిన కాఫీ నిజంగానే బాగాలేదు, అయినా ఆ మాట చదివేవాడికి పనికిరాదు. ఎందుకంటే ఎన్నాళ్ల కిందట వేయించినది తాగాడో అందులో లేదు. కాఫీ బాగాలేదా, పాతదా? తేదీ లేకపోతే ఈ రెండింటినీ విడదీయడం ఎవరి తరం?

వేయించిన తేదీ ఒక్కటి తెర మీద పెట్టించండి. ఆ వేలమంది మాటలకు అప్పుడు అర్థం వస్తుంది. పాత సరుకు పంపే గోదాము వారం రోజుల్లో బయటపడుతుంది. మీరు ఒక్క తనిఖీ అధికారిని పంపనక్కర్లేదు, ఒక్క నమూనాను లాబ్‌కు తీసుకెళ్లనక్కర్లేదు. దేశమంతటా ఉన్న మీ సిబ్బంది చేయలేని కాపలా, పైసా జీతం లేకుండా, రోజూ, ప్రతి గుమ్మం దగ్గరా కొనేవాళ్లే చేస్తారు. ఇంత పెద్ద సహాయం చేతికందేలా ఉంటే మీరెందుకు వద్దంటున్నారు?

ఈ తేదీ లేకపోవడం వల్ల నష్టపోయేది తాగేవాళ్లే కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండల మీద గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల పాదుల మధ్య కాఫీ పెంచుతున్నారు. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా ఎర్రబడిన పండ్లనే ఏరి కోసి, తొక్క ఒలిచి, కడిగి, ఎండబెడతారు. 2019లో ఆ గింజకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్ 30న ప్రధాని మన్ కీ బాత్‌లో దాని పేరెత్తారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ దుకాణం పెట్టారు. అదే ఏడాది అరకు తోటల్లో బెర్రీ బోరర్ పురుగు బయటపడితే, అది పాకకుండా సోకినచోట కాపు మీదున్న పంటనే నాశనం చేయాల్సి వచ్చింది. ఇన్ని అగచాట్లు పడి, ఇంత పేరు తెచ్చుకున్న గింజ ఎవరిదో గోదాములో నెలలు మూలిగి, మక్కిపోయి, తొలిసారి అరకు కాఫీ రుచి చూద్దామని కొన్నవాడి ఇంటికి చేరితే అతనేమనుకుంటాడు? గోదామును తిట్టుకోడు. అరకు కాఫీ అంటే ఇంతేనా అనుకుంటాడు. మళ్లీ కొనడు, పదిమందికి ఆ మాటే చెబుతాడు. భౌగోళిక గుర్తింపు ఆ రైతు కష్టాన్ని నకిలీల నుంచి కాపాడుతుంది గాని, ఆలస్యం నుంచి కాపాడదు. ఆ పని మీ లేబుల్ చేయాలి.

ధర సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్టులో అరబికా కాఫీ పౌను 4 డాలర్లు దాటింది. ఆ వేడి ఇక్కడి కిరాణా కొట్టుకూ తగిలింది. గింజ ధర పెరిగితే చికోరి వాటా పెంచాలనే ఆశ పుడుతుంది. చికోరి మీద నాకు కోపం లేదు, ఆ చిక్కదనం, ఆ ఘాటు కోరి తాగేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఎంత కాఫీ ఎంత చికోరి అన్నది లేబుల్ మీద రాయాలని మీ నిబంధన ఉంది. సంతోషం. కానీ ఆన్‌లైన్ పేజీలో ఫిల్టర్ కాఫీ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కాఫీ, చికోరి 53:47 లాంటి అంకె కావాలంటే ప్యాకెట్టు వెనకవైపు ఫొటో వెతికి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకోవాలి. కళ్లజోడు పెట్టుకునే మా పెద్దవాళ్లు ఆ పని చేయగలరా? ఇంచుమించు సగం చికోరి ఉన్న సరుకును కాఫీ ధర పెట్టి కొంటున్నామని వాళ్లకు కొనకముందే తెలియాలా, వద్దా?

వేయించిన తేదీ అడిగితే కంపెనీలు మీతో ఏమంటాయో నాకు తెలుసు. నైట్రోజన్ నింపి, గాలి చొరకుండా ప్యాక్ చేస్తున్నాం, మా పొడి అంత తొందరగా పాతబడదు అంటాయి. అందులో నిజముంది. మంచి ప్యాకింగ్ కాఫీ వయసును నెమ్మదింపజేస్తుంది, పొడి మీద కూడా అది పనిచేస్తుంది. అంత నమ్మకం ఉంటే తేదీ వేయడానికి జంకు దేనికి? నాలుగు నెలల కిందట వేయించినా మా పొడి ఇలా ఉంటుంది అని ధైర్యంగా చెప్పుకోమనండి, కొన్నవాళ్లు తాగి చూసి ఔనో కాదో చెబుతారు. ఖర్చు పెరుగుతుందంటాయి. ప్యాక్ చేసిన తేదీ కొట్టే యంత్రమే పక్కన ఇంకో తేదీ కొడుతుంది. వేర్వేరు రోజుల్లో వేయించిన గింజలు కలుపుతామంటాయి. అన్నిటికన్నా పాత గింజ తేదీ వేయమనండి. చిన్న కొట్లవాళ్లు చితికిపోతారంటాయి. మర ముందు నిలబడి పొట్లం కట్టించుకునే చోట ఈ నిబంధన అక్కర్లేదని మేమే చెబుతున్నాం. మూసిన ప్యాకెట్టుకే అడుగుతున్నాం.

కాబట్టి మీ నుంచి మేం కోరేది ఇదీ. మూసిన ప్యాకెట్లలో అమ్మే కాఫీ గింజల మీద, పొడి మీద వేయించిన తేదీ వేయాలని లేబుల్ నిబంధనల్లో చేర్చండి. ఆన్‌లైన్ అంగడి తెర మీద ధర పక్కనే ఆ తేదీ కనపడేలా, వినియోగదారుల వ్యవహారాల శాఖతో మాట్లాడి ఆ మినహాయింపును కాఫీ వరకైనా ఎత్తివేయించండి. గోదాముల సరుకు మారుతూ ఉంటుంది కాబట్టి కచ్చితమైన రోజు చూపలేమంటే, ఫలానా నెల తర్వాత వేయించినది మాత్రమే పంపుతామన్న హామీ అయినా చూపించాలి. చికోరి వాటా సరుకు పేరులోనే రావాలి. లేబుల్ మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి జనానికి చెప్పినవాళ్లను నోటీసులతో బెదిరించే కంపెనీల విషయంలో మీ వైఖరేమిటో కూడా బహిరంగంగా చెప్పండి. రేపు కాఫీ ప్యాకెట్టు తేదీ ఫొటో పెట్టినందుకు ఎవరికైనా నోటీసు వస్తే, మీరు ఎవరి పక్కన నిలబడతారు?

అరకు కొండల్లో నవంబరులో మళ్లీ కోత మొదలవుతుంది. ఆ గింజలు ఎండి, శుభ్రమై, వేయించే యంత్రాల దాకా రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు అడగడానికి ఆ వ్యవధి చాలు. ప్రకటించండి. ఏ తేదీలోగా రాయాలో, ఏ చిరునామాకు పంపాలో చెప్పండి, మిగతా పని కొనేవాళ్లకు వదిలేయండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కాఫీ వినియోగదారుడు

ప్రతి: కార్యదర్శి, వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారత ప్రభుత్వం, న్యూఢిల్లీ